జీరో టర్న్ మోవర్: లాప్ బార్లా, స్టీరింగ్ వీలా?

నమస్కారం. ఇప్పుడు మీకు కనిపిస్తున్నది మా ఇంటి వెనుక పెరడు. ఎకరానికి కొంచెం పైనే ఉండే ఈ స్థలం ఇంటి దగ్గర చదునుగా ఉండి, వెనక్కి వెళ్లేకొద్దీ వాననీటి కాలువ వైపు వాలుతుంది. మధ్యలో మేపుల్ చెట్లు, వాటి చుట్టూ మల్చ్ వేసిన గుండ్రని పాదులు ఉన్నాయి. అమెరికా శివార్లలో పెద్ద లాన్ ఉన్న ఇల్లు తీసుకున్న మనవాళ్లు ఏదో ఒక వేసవిలో జీరో టర్న్ మోవర్ గురించి, అంటే ఉన్నచోటే తిరగగలిగే, కూర్చుని నడిపే గడ్డి కోత యంత్రం గురించి ఆలోచించక తప్పదు. దుకాణానికి వెళ్లగానే అందరూ మొదట ఇంజిన్ హార్స్‌పవర్ ఎంత అని అడుగుతారు, ఆ తరువాత డెక్ (బ్లేడ్లు ఉండే కింది భాగం) వెడల్పు చూస్తారు, స్టీరింగ్ సంగతి బండి ఎక్కి కూర్చున్నాక గాని గుర్తుకు రాదు. నన్నడిగితే ఈ వరుసను పూర్తిగా తిరగేయాలి. యంత్రం మన నేలకు సరిపోతుందా లేదా అన్నది తేల్చేది స్టీరింగే, అంటే ఒడి ముందుండే రెండు లివర్లతో (లాప్ బార్లు) నడపాలా, స్టీరింగ్ వీల్‌తో నడపాలా అన్నదే.

అలా ఎందుకంటున్నానో తెలియాలంటే ఈ యంత్రం ఎలా మలుపు తిరుగుతుందో ముందు చూడాలి. మామూలు లాన్ ట్రాక్టర్ ముందు చక్రాలను తిప్పి మలుపు తీసుకుంటుంది. జీరో టర్న్‌లో మాత్రం వెనుక చక్రాలు రెండింటికీ ఆయిల్ ఒత్తిడితో చక్రాన్ని తిప్పే వేర్వేరు హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్లు ఉంటాయి కాబట్టి ఒక చక్రం ముందుకు, మరొకటి అంతే వేగంతో వెనక్కి తిరిగినప్పుడు బండి ఉన్నచోటే గిరుక్కున తిరుగుతుంది. బ్యాటరీతో నడిచే రకాల్లో హైడ్రాలిక్ ఆయిల్‌కు బదులు ఒక్కో చక్రానికి ఒక్కో ఎలక్ట్రిక్ మోటారు ఉంటుంది గాని సూత్రం అదే. ఇక ముందున్న చిన్న చక్రాలు ఆఫీసు కుర్చీ చక్రాల్లాంటి కాస్టర్లు. బండి ఎటు పోతే అవీ అటే తిరుగుతాయి తప్ప దానికి దారి చూపించవు. అంటే బండిని నడపడం, మలుపు తిప్పడం, వేగం తగ్గించి ఆపడం అనే మూడు పనుల భారమూ ఆ రెండు వెనుక టైర్ల మీదనే ఉంటుంది. కొనేవారు అన్నిటికన్నా ముందు గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇదే.

రెండు లివర్లతో నడిపే పద్ధతి 1960లలో కాన్సాస్ రాష్ట్రంలో జాన్ రీగియర్ తయారుచేసిన యంత్రంతో వ్యాప్తిలోకి వచ్చింది. హస్లర్ అన్న మోవర్ పేరు అప్పటిదే. నేటి లాప్ బార్లు ఆ లివర్ల వారసులు. రెండు బార్లనూ ముందుకు నెడితే బండి ముందుకు, వెనక్కి లాగితే వెనక్కి వెళుతుంది. కుడి బారును ఎక్కువ నెడితే ఎడమ వైపు తిరుగుతుంది. బార్లను పక్కలకు విప్పితే న్యూట్రల్. మొదట్లో చేతులు బిగబట్టి నడుపుతాము కాబట్టి బండి కుదుపులతో పోతుంది, గుంటలో చక్రం పడి ఒళ్లు ఊగినప్పుడు చేతులతో పాటు బార్లూ ఊగి కోత వంకర వస్తుంది. అందుకే బార్లకు కుదుపులను తగ్గించే డ్యాంపర్లు ఉన్నాయో లేవో, వాటి ఎత్తునూ దూరాన్నీ మార్చుకునే వీలుందో లేదో అడగాలి. మా ఆవిడకూ నాకూ ఎత్తులో బాగా తేడా ఉంది. నాకు సుఖంగా ఉన్న అమరికలో బార్లను పూర్తిగా ముందుకు నెట్టాలంటే ఆవిడ సీటు వదిలి ముందుకు వంగవలసి వస్తుంది. ఇద్దరు నడిపే ఇంట్లో ఇద్దరూ వెళ్లి కూర్చుని చూడడం మంచిది.

స్టీరింగ్ వీల్ ఉన్న రకాలు కారు అలవాటున్న వారికి వెంటనే చేతికి వస్తాయి. వేగం పెడళ్లతో ఉంటుంది కాబట్టి ఒక చేయి ఖాళీగా కూడా ఉంటుంది. అయితే వీల్ ఉన్నంత మాత్రాన ముందు చక్రాలు దానితో తిరుగుతాయని అనుకోకూడదు. కబ్ క్యాడెట్ సంస్థ వారి సింక్రో స్టీర్ వంటి ఏర్పాటులో వీల్, వెనుక ట్రాన్స్‌మిషన్లతో పాటు ముందు చక్రాలను కూడా తిప్పుతుంది. వీల్ కేవలం వెనుక చక్రాల వేగాన్ని మాత్రమే మార్చి, ముందు కాస్టర్లను వాటి మానాన వదిలేస్తే, నడపడం తేలికవుతుందే గాని వాలులో అదనపు పట్టు ఏమీ రాదు. సేల్స్‌మన్ మాటతో సరిపెట్టుకోకుండా వంగి ముందు ఇరుసు దగ్గర చక్రాలను తిప్పే లింకేజీ రాడ్లు ఉన్నాయో లేదో చూడండి. కంట్రీ క్లిప్పర్ పేరుతో ఒంటి చేత్తో నడిపే జాయ్‌స్టిక్ రకాలు కూడా వచ్చాయి. ఒక చేతిలో బలం తక్కువ ఉన్నవారికి అది నిజంగా ఉపయోగపడుతుంది.

ఇప్పుడు వాలు దగ్గరికి వద్దాము. చాలా మాన్యువళ్లు 15 డిగ్రీలకు మించిన వాలు మీద నడపవద్దని చెబుతాయి. అది పది అడుగుల దూరానికి సుమారు రెండు అడుగుల ఎనిమిది అంగుళాల దిగుడు, కంటికి అంత ప్రమాదంగా కనిపించదు. నేల మీద ఒక పొడవాటి చెక్క పరిచి, దాని మీద ఫోను పెట్టి లెవెల్ యాప్ తెరిస్తే కోణం తెలిసిపోతుంది. వాలు దిగేటప్పుడు బరువు ముందుకు పోయి వెనుక టైర్ల పట్టు తగ్గుతుంది. గడ్డి తడిగా ఉండి ఆ టైర్లు జారాయంటే, లాప్ బార్ల రకంలో బ్రేకూ స్టీరింగూ ఒకేసారి చేజారుతాయి, బార్లను ఎంత లాగినా బండి కిందికే పోతుంది. ముందు చక్రాలు కూడా తిరిగే రకంలో కనీసం దిశ కొంతైనా మన చేతిలో ఉంటుంది, అయితే బ్రేకు మాత్రం అక్కడా జారే టైర్ల మీదే ఆధారపడుతుంది. చెరువు గట్టు, రిటైనింగ్ వాల్ అంచు, కాలువ ఒడ్డు వంటి చోట్ల మోవర్ వెడల్పుకు రెండింతల దూరం వదిలి తిరగాలి. బోల్తా రక్షణ చట్రం ఉన్న బండి అయితే చట్రం నిలిపి ఉన్నంతసేపూ సీటు బెల్టు పెట్టుకోవాలి. చట్రం మడిచినప్పుడు పెట్టుకోకూడదు.

డెక్ వెడల్పు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. అంగుళాల వెడల్పును గంటకు మైళ్ల వేగంతో గుణించి 120తో భాగిస్తే, మలుపులకు పోయే సమయం కలుపుకొని గంటకు ఎన్ని ఎకరాలో సుమారుగా వస్తుంది. ఐదు మైళ్ల వేగంలో 42 అంగుళాల డెక్ గంటకు ఒకటిముప్పావు ఎకరం, 50 అంగుళాలది రెండు ఎకరాలు కోస్తాయి. ఎకరం స్థలంలో ఆ తేడా కొద్ది నిమిషాలే. ఫెన్సు గేటు వెడల్పు కొలిచి వెళ్లండి, చాలు.

మా పెరట్లో కాలువ ఒడ్డు 18 డిగ్రీలు వచ్చింది, మిగతాదంతా ఎనిమిది లోపే. కాబట్టి ఆ ఒడ్డుకు ఏ జీరో టర్నూ వెళ్లదు. అక్కడ నెట్టుకునే మోవర్‌తో వాలుకు అడ్డంగా కోస్తాము. మిగిలిన చదును నేలలో చెట్ల పాదుల అంచుల వెంట నెమ్మదిగా, దగ్గరగా తిరగడానికి లాప్ బార్లకు మించినది లేదని నా నిర్ణయం, అందుకే వాటినే తీసుకున్నాము. పెరడులో సగం పది, పన్నెండు డిగ్రీల వాలు అయివుంటే ముందు చక్రాలు తిరిగే వీల్ రకమో, మామూలు లాన్ ట్రాక్టరో తీసుకునేవాళ్లము.

తెచ్చుకున్నాక చేయవలసిన పనులు రెండు. ఉన్నచోటే గుండ్రంగా తిప్పడం వీడియోల్లో బాగుంటుంది గాని, అందులో ఒక చక్రం కదలకుండా నిలిచిపోతే దాని కింద గడ్డి వేళ్లతో సహా నలిగి మట్టి బయటపడుతుంది. వరుస చివర కొంచెం వెనక్కి వచ్చి మూడు అంచెల్లో తిరిగితే రెండు చక్రాలూ కదులుతూనే ఉంటాయి. రెండోది, బార్లు రెండూ పూర్తిగా ముందుకు నెట్టినప్పుడు బండి తిన్నగా పోతోందో లేదో చూడడం. ఒక పక్కకు లాగుతుంటే ముందుగా రెండు వెనుక టైర్లలో గాలి సమానంగా ఉందో చూసుకుని, అప్పటికీ లాగితేనే మాన్యువల్‌లో చూపిన ట్రాకింగ్ బోల్టును కొద్దికొద్దిగా తిప్పాలి.