గేదె కొమ్ముతో పెన్ను: ముక్క కోయడం నుంచి రీఫిల్ దాకా

తెర మీద: బల్లపై నల్లటి గేదె కొమ్ము, రెండు ఇత్తడి గొట్టాలు.

వాయిస్: నమస్కారం. ఈ కొమ్ముతో ట్విస్ట్ పెన్ను, అంటే తిప్పితే మొన బయటికొచ్చే పెన్ను చేద్దాం. శ్రీకాకుళం వాళ్లు కొమ్ము పని చూడాలంటే ఎంతో దూరం పోనక్కర్లేదు. పాతపట్నం దాటితే పర్లాకిమిడి. దువ్వెనలు, పక్షుల బొమ్మలు అక్కడ కొమ్ముతోనే చేస్తారు.

జింక, దుప్పి కొమ్ముల జోలికి మాత్రం పోకండి. అడవిలో రాలి దొరికినవైనా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. పెంపుడు గేదె కొమ్ముకు ఆ చిక్కు లేదు.

కొమ్ము కూడా మన గోరు లాంటిదే, కెరాటిన్. తేమకి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, వేడి మితిమీరితే పొరలు లేస్తాయి. పెన్ను చెడేది ఎక్కువగా తేమ వల్లో వేడి వల్లోనే.

తెర మీద: కొమ్ము బోలులోకి సన్న తీగ దూరుతోంది.

కొమ్ము మొదలు బోలు, కొన గట్టి. తీగ ఎక్కడ ఆగిందో చూసి బయట సుద్దతో గీయండి. గీతకి 1 సెంటీమీటరు అవతల నుంచి కొన వైపే మనకి పనికొచ్చేది. అక్కడ మందం 18 మిల్లీమీటర్లైనా ఉండాలి. గొట్టానికొకటి చొప్పున రెండు ముక్కలు కావాలి; రెండూ ఒకే కొమ్ములో రాకపోతే రెండోది దాని జత కొమ్ములోంచి తీయండి, రంగు కలుస్తుంది. లోపలి ఎముక ఊడని పచ్చి కొమ్ము చవగ్గా వచ్చినా వద్దు.

గొట్టం పొడవు 53 మిల్లీమీటర్లు. ముక్క 60కి కోయండి. రెండు కొసలూ కరిగిన కొవ్వొత్తి మైనంలో ముంచి నీడన పెట్టండి. ఎండలో పెడితే పైపొర ముందే ఆరిపోయి బీట వారుతుంది. వారానికోసారి తూచండి, బరువు తగ్గడం ఆగితే ఆరినట్టు. వానాకాలంలో మన వైపు గాలికి ఇది బాగా ఆలస్యమవుతుంది, తొందరపడొద్దు.

తెర మీద: డ్రిల్లు దగ్గరగా. బిట్ గాడుల్లో నల్లటి పొడి.

ఎక్కువ ముక్కలు పోయేది బెజ్జం దగ్గరే. ముందు 3 మిల్లీమీటర్ల బిట్, తర్వాత 7. వేగం నిమిషానికి 500 తిప్పులు చాలు. ప్రతి 5 మిల్లీమీటర్లకీ బిట్ బయటికి లాగి పొడి దులపండి. పొడి ఇరుక్కుంటే బిట్ కాలుతుంది, కొమ్ము మెత్తబడి దాన్ని పట్టేస్తుంది, చల్లారేటప్పుడు పగులుతుంది. జుట్టు కాలిన వాసన వచ్చిందా, వెంటనే ఆపండి. బిట్‌ను అవతలికి పొడుచుకు రానివ్వొద్దు, అంచు పెచ్చులూడుతుంది. 55 మిల్లీమీటర్ల లోతు దగ్గర ఆపి, మూసి ఉన్న కొసను రంపంతో కోసేయండి, బెజ్జం శుభ్రంగా తెరుచుకుంటుంది. ఈ పనంతా ఎన్95 మాస్కుతోనే. కొమ్ము పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ఒక రాత్రి వదిలేస్తే బెజ్జం కాస్త బిగుస్తుంది. అప్పుడు గొట్టం దూర్చి చూడండి; బలవంతం చేయాల్సి వస్తే మళ్లీ 7 బిట్ తిప్పండి. గొట్టం పైన గరుకు కాగితం రుద్ది, నెమ్మదిగా గట్టిపడే రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు పూసి, తిప్పుతూ దింపండి. సూపర్ గ్లూ పెళుసు, కొమ్ము కదిలితే విడిపోతుంది. 24 గంటలు ముట్టుకోవద్దు. తర్వాత కొసలు ఇత్తడి కనబడేదాకా చదును చేయాలి, అంతకు మించి తీయకూడదు.

ఇక ముక్కను గిరగిరా తిప్పే లేత్ మీద చెక్కడం. ఉలి పదునుగా ఉంటే రిబ్బన్‌లా చెక్కు వస్తుంది, మొద్దుబారితే పిండి రాలుతుంది. గరుకు కాగితం 320తో మొదలుపెట్టి 2000 దాకా. నంబరు మార్చే ముందు లేత్ ఆపి పొడుగునా ఒకసారి రుద్దండి, నలుపు మీద అడ్డగీతలు దాగవు. చివర్న పాలిష్ సబ్బు, గుడ్డ. వార్నిష్ దండగ.

బిగింపు బెంచ్ వైస్‌తో. ముందు మొన, తర్వాత ట్విస్ట్ భాగం కొద్దికొద్దిగా నొక్కుతూ రీఫిల్ పెట్టి చూడండి. లోతుగా దిగిపోతే తిప్పినా మొన లోపలికి పోదు, బయటికి లాగడానికి చూస్తే కొమ్ము పగులుతుంది.