పెడల్ తొక్కితే ఆంప్ పోతుందా?

హోస్ట్: అన్నా, నేరుగా అడిగేస్తా. గిటార్ సౌండ్ పెంచే ఆంప్‌కి (యాంప్లిఫైయర్‌కి) డిస్టార్షన్ పెడల్, అంటే సౌండ్‌ని గరగరలాడించే కాలి పెట్టె, పెడితే ఆంప్ కాలిపోతుందని చాలామందికి భయం. నిజమేనా?

గెస్ట్: ఆంప్‌కి దాదాపు ఏమీ కాదు. పెడల్ అనేది మామూలుగా 9 వోల్టుల మీద నడిచే చిన్న సర్క్యూట్. అది ఎంత అరిచినా బయటికొచ్చే సిగ్నల్ కొన్ని వోల్టులే. గిటార్ ఆంప్ ఇన్‌పుట్ దాన్ని తట్టుకుంటుంది. ట్యూబ్ ఆంప్‌లో (గాజు వాక్యూమ్ ట్యూబులతో నడిచేది) అయితే మొదటి ట్యూబ్ ఓవర్‌లోడ్ అవ్వాలనే కదా మనం బూస్ట్ పెడల్ (సిగ్నల్ పెంచేది) కొనేది! ఆలోచించాల్సింది స్పీకర్ గురించి.

హోస్ట్: ఆంప్ 50 వాట్లు, స్పీకరూ 50 వాట్లు అయితే సరిపోయినట్టేగా?

గెస్ట్: అక్కడే ఉంది తిరకాసు. ఆంప్ మీద రాసిన 50 వాట్లు శుభ్రమైన సౌండ్‌కి. వాల్యూమ్ బాగా పెంచి, ముందు బూస్ట్ కూడా పెడితే ఆంప్ క్లిప్ అవుతుంది, అంటే తరంగం పైనా కిందా చదునైపోతుంది. అంతే ఎత్తున్న సైన్ వేవ్ కంటే స్క్వేర్ వేవ్‌లో పవర్ రెట్టింపు ఉంటుంది. పూర్తిగా అంత దూరం వెళ్లకపోయినా, 50 వాట్ల ఆంప్ 50 దాటి చాలానే పంపగలదు. పైగా క్లీన్‌గా వాయిస్తే నోట్‌కీ నోట్‌కీ మధ్య వాయిస్ కాయిల్ (స్పీకర్‌లోని తీగచుట్ట) కాస్త చల్లబడుతుంది. డిస్టార్షన్‌లో ఆ తెరిపి ఉండదు. ఫుల్ వాల్యూమ్‌లో వాయించే అలవాటుంటే స్పీకర్ రేటింగ్ ఆంప్‌కి రెట్టింపు దగ్గర్లో ఉంటే నిశ్చింత.

హోస్ట్: మరి ఇంట్లో చిన్న వాల్యూమ్‌లో ఫజ్ (బాగా గరుకైన డిస్టార్షన్) పెడితే?

గెస్ట్: హాయిగా పెట్టుకో. క్లిప్ అయ్యేది పెడల్ లోపల, స్పీకర్‌కి వెళ్లే పవర్ కొంచెమే. సౌండ్ భయంకరంగా ఉన్నంత మాత్రాన స్పీకర్‌కి ప్రమాదం ఉన్నట్టు కాదు.

హోస్ట్: ఆక్టేవ్ పెడల్స్ (నోట్‌ని ఒక స్థాయి పైకో కిందకో మార్చేవి) సంగతి?

గెస్ట్: వాటి దగ్గర జాగ్రత్త కావాలి. గిటార్‌లో లావు ఈ తీగ సుమారు 82 హెర్ట్జ్. ఒక ఆక్టేవ్ కిందకి దించితే 41. గిటార్ స్పీకర్‌ని అంత లోతు కోసం చేయరు. కోన్ (స్పీకర్‌లో కదిలే గరాటు భాగం) ముందుకీ వెనక్కీ మరీ ఎక్కువ కదులుతుంది. వెనక తెరిచి ఉన్న క్యాబినెట్‌లో దాన్ని ఆపడానికి గాలి ఒత్తిడి కూడా ఉండదు. పటపటమని చప్పుడొస్తే వెంటనే తగ్గించు. ఇంట్లో పాటలు వినే స్టీరియోకి డిస్టార్షన్ పెడల్ కలపడం ఇంకో పొరపాటు. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ పైన చాలామటుకు కోసేస్తుంది. స్టీరియోలో ఆ పైదంతా ట్వీటర్‌కి (సన్నని శబ్దాల చిన్న స్పీకర్‌కి) వెళ్తుంది. వాల్యూమ్ పెంచితే మొదట పోయేది అదే. అలా వాయించాలంటే మధ్యలో క్యాబ్ సిమ్యులేటర్ (గిటార్ స్పీకర్ సౌండ్‌ని అనుకరించేది) పెట్టాలి.

హోస్ట్: అంటే పెడల్స్ వల్ల స్పీకర్‌కే ముప్పు.

గెస్ట్: పెడల్‌కి కూడా! నన్నడిగితే పెడల్స్ ఎక్కువగా పోయేది అడాప్టర్ వల్లే. చాలా పెడల్స్‌కి 9 వోల్టుల డీసీ, ప్లగ్ మధ్యలో నెగెటివ్ ఉండాలి. పోలారిటీ తిరగబడితే కొన్నిట్లో డయోడ్ కాపాడుతుంది, కొన్నిట్లో అదీ ఉండదు. 9 వోల్టుల దానికి 18 ఇవ్వడం, డీసీ బదులు ఏసీ ఇవ్వడం అంతకంటే ఘోరం. మిల్లీ ఆంప్స్ (అడాప్టర్ ఇవ్వగల కరెంటు) మాత్రం ఎక్కువున్నా పర్లేదు. బావి ఎంత పెద్దదైనా చేదకి పట్టినన్ని నీళ్లేగా వచ్చేది.

హోస్ట్: తక్కువైతే?

గెస్ట్: డిజిటల్ డిలే (ప్రతిధ్వని ఇచ్చే పెడల్) లాంటివి ఆన్ కావు, లేదా గోల చేస్తాయి. ఇంకోటి, పాత పద్ధతి జెర్మేనియం ఫజ్‌లు కొన్నిట్లో గ్రౌండ్ పాజిటివ్. వాటిని మిగతావాటితో ఒకే డైసీ చెయిన్‌కి (ఒక అడాప్టర్ నుంచి చాలా పెడల్స్‌కి వెళ్లే వైరుకి) తగిలిస్తే షార్ట్ అవుతుంది. ఐసోలేటెడ్ సప్లై (ప్రతి పెడల్‌కీ విడి అవుట్‌పుట్ ఉన్నది) ఉంటే ఆ గొడవ లేదు, హమ్ (గుయ్‌మనే శబ్దం) కూడా తగ్గుతుంది.

హోస్ట్: హమ్ పోవడానికి ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేయమంటారు కొందరు.

గెస్ట్: ఆ మాట అస్సలు వినొద్దు. ఆంప్‌లో ఏదైనా లీక్ అయితే ఆ కరెంటు గిటార్ తీగల గుండా నీ చేతిలోకి వస్తుంది. ఎదురుగా మైక్ ఉండి, అది పెదవికి తగిలితే ఇక చెప్పక్కర్లేదు. హమ్ గ్రౌండ్ లూప్ (రెండు చోట్ల ఎర్త్ కలిసి ఏర్పడే వలయం) వల్లే అయితే సిగ్నల్ దారిలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టు.

హోస్ట్: కేబుల్స్?

గెస్ట్: ఆంప్ హెడ్ (స్పీకర్ లేని ఆంప్) నుంచి స్పీకర్ క్యాబినెట్‌కి స్పీకర్ కేబులే వాడాలి. చూడ్డానికి గిటార్ కేబుల్‌లాగే ఉంటుంది, లోపల మాత్రం తేడా. స్పీకర్ అవుట్‌ని ఎప్పుడూ పెడల్‌లో గుచ్చొద్దు, పెడల్ అక్కడికక్కడే పోతుంది. ట్యూబ్ ఆంప్‌ని స్పీకర్ గానీ లోడ్ బాక్స్ (స్పీకర్ బదులు పవర్ తీసుకునే పెట్టె) గానీ లేకుండా వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కే ఎసరు. స్పీకర్ ఓమ్స్ (ఇంపెడెన్స్) కూడా ఆంప్ వెనక రాసినదానికి సరిపోవాలి.

హోస్ట్: ఆన్ చేసే వరుస ఏదైనా ఉందా?

గెస్ట్: పెడల్స్ ముందు, ఆంప్ చివర. ఆపేటప్పుడు ఆంప్ ముందు. వాల్యూమ్ తగ్గించకుండా కేబుల్ పీకొద్దు. డిలే ఫీడ్‌బ్యాక్ నాబ్ (ప్రతిధ్వని ఎన్నిసార్లు రావాలో చెప్పేది) తిప్పేటప్పుడు ఒక చెయ్యి వాల్యూమ్ మీద ఉంచు, అది చెలరేగితే అందుకోవడానికి టైమ్ ఉండదు.