స్క్రూ జోలికి ముందే వెళ్లకండి: స్టాండప్ జెట్ స్కీ కార్బ్ ట్యూనింగ్ గురించి

అందరికీ నమస్కారం. ఫీనిక్స్ ఎండలో శనివారం పొద్దున్నే నిద్ర మానుకుని ఈ గ్యారేజీకి వచ్చారంటే, మీలో చాలామంది ఇంట్లో పాత స్టాండప్ స్కీ, అంటే నిలబడి నడిపే నీటి బండి, ఒకటి ట్రైలర్ మీద మొరాయించి కూర్చుందన్నమాట. ఇవాళ దాని కార్బ్యురేటర్ గురించే, అంటే గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కి ఇచ్చే కార్బ్ గురించే మాట్లాడుకుందాం. అన్ని మోడళ్లూ కలిపి చెప్తే గందరగోళం అవుతుంది, అందుకని నేను ఎక్కువగా విప్పి బిగించిన యమహా సూపర్‌జెట్ ఒక్కటే తీసుకుంటాను. 1996 నుంచి 2020 దాకా వచ్చిన 701 సీసీ టూ-స్ట్రోక్, రెండు సిలిండర్లు, రెండు 38 ఎంఎం మికునీ సూపర్ బీఎన్ కార్బులు. 2021 నుంచి సూపర్‌జెట్ ఫోర్-స్ట్రోక్ అయింది, ఫ్యుయెల్ ఇంజెక్షన్ వచ్చింది, వాటికి ఈ బాధ లేదు.

కార్బ్ అనగానే మనకు ఊళ్లో ఆర్‌ఎక్స్ 100 గుర్తొస్తుంది కదా. దాని కార్బ్ కింద చిన్న గిన్నె, గిన్నెలో ఫ్లోట్ ఉంటాయి. పెట్రోలు ఒక మట్టానికి రాగానే ఫ్లోట్ లేచి దారి మూసేస్తుంది, మేడ మీద వాటర్ ట్యాంకులో బంతి లేచి నీళ్లు ఆపేసినట్టు. మరి అలమీద ఎగిరి, పక్కకు ఒరిగి, ఒక్కోసారి బోర్లా పడే బండికి అదే గిన్నె పెడితే పనిచేస్తుందా? చెయ్యదు. అందుకే స్కీ కార్బ్‌లో గిన్నె ఉండదు, డయాఫ్రమ్ అని పల్చటి పొర ఉంటుంది. ఇంజన్ పీల్చినప్పుడు ఆ పొర లోపలికి వంగి ఒక బుల్లి ఆర్మ్‌ని నొక్కుతుంది, ఆ ఆర్మ్ స్ప్రింగు బలాన్ని గెలిచి సూదిని లేపుతుంది, అప్పుడు పెట్రోలు లోపలికి వస్తుంది. పెట్రోలు పంపు కూడా కార్బ్ ఒంట్లోనే ఉంటుంది. పిస్టన్ పైకీ కిందికీ ఆడేటప్పుడు దాని కిందుండే గదిలో, అంటే క్రాంక్‌కేసులో, పుట్టే ఒత్తిడి ఒక సన్న గొట్టంలోంచి వచ్చి ఆ పంపు పొరను కొడుతూ ఉంటుంది. ఆ గొట్టానికి ఒక సన్న చీలిక వచ్చిందంటే, మీరు ఏ స్క్రూ ఎన్నిసార్లు తిప్పినా లాభం ఉండదు.

ఇవాళ నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. బండి కొనగానే అందరి చెయ్యీ బయటికి కనపడే ఆ రెండు స్క్రూల మీదికే పోతుంది. ఒకటి లో-స్పీడ్, ఒకటి హై-స్పీడ్. తక్కువ థ్రాటిల్‌లో, ఎక్కువ థ్రాటిల్‌లో పెట్రోలు ఎంత పోవాలో ఇవి సరిచేస్తాయి. నిజానికి హై-స్పీడ్ స్క్రూ అన్నింటికన్నా చివర ముట్టుకోవాల్సింది. మొదట పెట్రోలు గొట్టాలు, ఫిల్టరు, గాస్కెట్లు చూడాలి. క్రాంక్‌కేసుకి 6 నుంచి 8 పీఎస్ఐ దాకా గాలి పెట్టి నిలుస్తుందో లేదో చూడాలి, ఎందుకంటే పాత సీల్ ఒకటి గాలి పీలిస్తే ఆ సిలిండర్ ఒక్కటే కాలిపోతుంది, పక్కది బంగారంలా ఉంటుంది, మీరు మాత్రం తప్పంతా కార్బ్ మీద వేస్తారు. తర్వాత పాప్-ఆఫ్ ప్రెషర్, తర్వాత లో-స్పీడ్ స్క్రూ, పైలట్ జెట్, మెయిన్ జెట్, ఆఖర్న హై-స్పీడ్ స్క్రూ. జెట్ అంటే పెట్రోలు పోయే కొలత రంధ్రం ఉన్న చిన్న ముక్క. ఈ వరసలోనే పోవాలి. ఎందుకంటే ముందుదాని ప్రభావం తర్వాతదాని మీద పడుతుంది, మెయిన్ జెట్ సరిచేసుకున్నాక సూది స్ప్రింగు మార్చితే మళ్లీ మొదటికే వస్తారు.

పాప్-ఆఫ్ అంటే ఆ సూది లేవడానికి కావాల్సిన ఒత్తిడి. చిన్న చేతి పంపు, దానికో గేజి ఉంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. సూదిని కొంచెం తడిపి మెల్లగా పంపు కొడితే ముల్లు ఎక్కుతూ ఎక్కుతూ ఒక చోట టప్‌మని పడిపోతుంది, అదీ మీ అంకె. మూడు నాలుగు సార్లు కొట్టినా అదే అంకె రావాలి. మెల్లగా జారిపోతుంటే సూదో, అది కూర్చునే సీటో పోయిందన్నమాట. స్ప్రింగు గట్టిదైతే, సీటు రంధ్రం చిన్నదైతే ఈ అంకె పెరుగుతుంది. మరీ ఎక్కువైతే బండి ఐడిల్ నుంచి లాగినప్పుడు గుటక పడ్డట్టు ఆగి, ఆ తర్వాత ఉరుకుతుంది. మరీ తక్కువైతే పెట్రోలు ఎక్కువై బుడబుడలాడుతుంది. నీళ్లలో చూడాలంటే థ్రాటిల్‌ను ఐడిల్ నుంచి మూడో వంతు దాకా చాలా మెల్లగా తియ్యండి, హడావుడి పడకండి. ఎక్కడా తడబడకుండా లాగితే దాన్ని అలాగే వదిలెయ్యండి.

లో-స్పీడ్ స్క్రూ బయటికి తిప్పితే మిశ్రమం చిక్కనవుతుంది, లోపలికి తిప్పితే పల్చనవుతుంది. చిక్కన అంటే పెట్రోలు ఎక్కువ, పల్చన అంటే తక్కువ. ఒకసారికి ఎనిమిదో వంతు చుట్టుకి మించి తిప్పకండి, రెండు కార్బులకీ సమానంగా తిప్పండి, ఎంత తిప్పారో కాగితం మీద రాసుకోండి. ఈ పని ట్రైలర్ మీద కాదు, నీళ్లలోనే చెయ్యాలి, ఎందుకంటే నీళ్ల బరువు బండిని తోసే జెట్ పంపు మీద పడినప్పుడు ఐడిల్ వేరుగా ఉంటుంది. నీళ్ల గొట్టం తగిలించి ట్రైలర్ మీద స్టార్ట్ చేసేటప్పుడు ముందు ఇంజన్, తర్వాత కొళాయి. ఆపేటప్పుడు ముందు కొళాయి, తర్వాత ఇంజన్. తారుమారు చేస్తే ఎగ్జాస్ట్‌లోంచి నీళ్లు సిలిండర్‌లోకి పోతాయి.

ఇప్పుడు నా ఇంజన్ ఎలా పోయిందో చెప్తాను. జూన్‌లో లేక్ ప్లెజంట్ దగ్గర, 43 డిగ్రీల ఎండలో, మధ్యాహ్నమంతా కూర్చుని ట్యూన్ చేశాను. ప్లగ్గు కాఫీ రంగులో వచ్చింది, మిశ్రమం సరిగ్గా ఉందని ఎంతో మురిసిపోయాను. నవంబర్ ఆఖర్లో స్నేహితులతో లేక్ హవాసు పోయాం. పొద్దున్నే 12 డిగ్రీలు. బండి అంత బాగా ఎప్పుడూ పరిగెత్తలేదు, గొంతు పల్చబడి సన్నగా, తీగ లాగినట్టు మోగింది. థ్రాటిల్ వదిలినా ఆర్‌పీఎం వెంటనే దిగకుండా ఒక క్షణం అక్కడే వేలాడింది. నేను దాన్ని హుషారు అనుకున్నాను. నాలుగో రౌండులో వెనక సిలిండర్ పట్టేసింది. విప్పి చూస్తే పిస్టన్ ఎగ్జాస్ట్ వైపు నిలువునా గీతలు, అల్యూమినియం కరిగి గోడకి అంటుకుపోయింది.

లెక్క చూస్తే చాలా మామూలు విషయం. ప్లెజంట్ సముద్ర మట్టానికి దాదాపు 1,700 అడుగుల ఎత్తున ఉంది, హవాసు 450 అడుగుల దగ్గర. ఎత్తు తగ్గింది, చలి పెరిగింది, రెండూ కలిసి గాలి దాదాపు 15 శాతం బరువెక్కింది. కార్బ్ కొంత పెట్రోలు ఎక్కువ ఇస్తుంది గానీ అంత గాలికి సరిపడా ఇవ్వలేదు. మిశ్రమం పల్చబడింది, పల్చబడితే మంట వేడెక్కుతుంది. చచ్చిపోయే ముందు లీన్ ఇంజన్, అంటే మిశ్రమం పల్చబడ్డ ఇంజన్, చాలా తియ్యగా పరిగెడుతుంది. ఆ తియ్యదనం మీ చెవికి తగిలిందా, థ్రాటిల్ వదిలేసి ఒడ్డుకి రండి. ఇంజన్ చల్లారాక హై-స్పీడ్ స్క్రూ బయటికి తిప్పండి, ఒక ప్లగ్గు కొంచెం నల్లబడినా ఫర్వాలేదు.

ప్లగ్గు రంగు చూడాలంటే కొత్త ప్లగ్గు వేసి, ఫుల్ థ్రాటిల్ మీద పోతూ, థ్రాటిల్ వదలకుండానే లాన్యార్డ్, అంటే చేతికి కట్టుకునే ఇంజన్ ఆపే తాడు, లాగి ఇంజన్ ఆపి, ఒడ్డుకి లాక్కురావాలి. నెమ్మదిగా ఐడిల్ మీద వచ్చారా, మీరు చూసేది ఐడిల్ రంగే.

నూనె విషయం. చేతక్‌కి బంకులో 2టీ ఆయిల్ కలిపించుకున్న రోజులు మనకు తెలుసు, ఇక్కడ సూపర్‌జెట్‌కి 50కి 1 పాళ్లు. జాగ్రత్త కోసమని నూనె ఎక్కువ పోస్తే, అదే జెట్‌లోంచి పెట్రోలు తక్కువ వెళ్తుంది, అంటే ఇంకా పల్చన. పాళ్లు మార్చితే జెట్ కూడా మళ్లీ చూసుకోవాలి. ఇథనాల్ కూడా అంతే, ఇక్కడ 10 శాతం దాకా, మన దగ్గర ఇప్పుడు 20 శాతం. అది మిశ్రమాన్ని పల్చబరుస్తుంది, తేమ పీలుస్తుంది, డయాఫ్రమ్‌ను గట్టిపరుస్తుంది. శీతాకాలం బండి పక్కన పెడితే ట్యాంకూ కార్బూ ఖాళీ చేసి పెట్టండి.

బల్ల మీద మూడు కార్బులు పెట్టాను, అందులో ఒకదానికి కావాలనే అరిగిన సూది వేశాను. ఎవరి దగ్గర పంపు ఉందో వాళ్లు ముందుకి రండి, అది ఏదో గేజి చూసి పట్టుకుందాం.