గాజు చవకే, గొయ్యే ఖరీదు

అందరికీ నమస్కారం. ఇంటర్నెట్ ఒక దేశంలో వేగంగా, చవగ్గా, ఇంకో దేశంలో నెమ్మదిగా, ఖరీదుగా ఎందుకుంటుందో ఈరోజు చూద్దాం.

నా చేతిలో రెండు ముక్కలున్నాయి. ఒకటి పాత ఫోన్ లైను, మెలిపెట్టిన రెండు రాగి తీగలు. రెండోది ఫైబర్, అంటే సిగ్నల్‌ని వెలుగు రూపంలో మోసే గాజు తీగ. తొడుగులన్నీ ఒలిచేస్తే మిగిలే గాజు పోగు 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. వెనక వరసవాళ్లకి కనబడదని తెలుసు, నాకే సరిగ్గా కనబడటం లేదు.

రాగిలో సిగ్నల్ దూరం పోయేకొద్దీ నీరసిస్తుంది. ఏడీఎస్ఎల్ రోజుల్లో, అంటే ఫోన్ తీగ మీదే నెట్టు వచ్చిన రోజుల్లో, ఎక్స్ఛేంజీ పక్కింట్లో పరుగెత్తే నెట్టు, నాలుగైదు కిలోమీటర్ల అవతల పాకేది. గాజుకు ఆ బాధ చాలా తక్కువ. మరి అన్ని దేశాలూ గాజే వేసుకోవచ్చుగా? గాజు చవకే, ఖరీదంతా గోతిది. అనుమతి తెచ్చుకోవాలి, రోడ్డు తవ్వాలి, గొట్టం వేయాలి, పూడ్చాలి, పైన మళ్లీ తారు పోయాలి. ఇంతా చేశాక అందులో పది పోగులు పెట్టినా వంద పెట్టినా ఖర్చులో పెద్ద తేడా రాదు.

అందుకే ఒక గోతికి ఎన్ని ఇళ్లు దొరుకుతాయన్నది ముఖ్యం. దక్షిణ కొరియాలో జనం ఎక్కువగా అపార్ట్‌మెంట్లలోనే ఉంటారు. బేస్‌మెంట్ దాకా ఒక్క లైను తెస్తే వందల ఇళ్లు దొరుకుతాయి. పైగా 1995 నుంచే అక్కడి ప్రభుత్వం దేశవ్యాప్త నెట్‌వర్క్‌కి పూనుకుంది.

"మాది విశాలమైన దేశమండీ, అందుకే స్లో" అని కంపెనీలు చెప్పేది ఈ లెక్క చూపించే. నేను సగమే నమ్ముతాను. స్వీడన్‌లో చదరపు కిలోమీటరుకు సగటున పాతిక మందే. అక్కడ స్టాక్‌హోం నగరపాలన 1994లో స్టోకాబ్ అనే సొంత సంస్థ పెట్టి, ఫైబర్ వేసి, అడిగిన ప్రతి కంపెనీకీ అద్దెకిచ్చింది. స్టాక్‌హోం మటుకు ఇరుకు నగరమే కదా అంటారేమో. నిజమే. కానీ ఇరుకు నగరాలు ప్రపంచంలో బోలెడున్నాయి. గొయ్యి ఒకసారి తవ్వి నలుగురికీ ఇచ్చినవి ఎన్ని?

నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే: ఇంటికొచ్చే చివరి తీగ ఎవరిది, దాని మీద ఇంకెవర్ని రానిస్తారు?

జపాన్ సంగతి చూడండి. రాగి తీగలన్నీ అక్కడి పాత ఫోన్ కంపెనీ ఎన్‌టీటీవే. వాటిని పోటీ కంపెనీలకు తక్కువ అద్దెకివ్వాల్సిందేనని ప్రభుత్వం నిబంధన పెట్టింది. 2001లో సాఫ్ట్‌బ్యాంక్ అనే పోటీ కంపెనీ 'యాహూ బీబీ' పేరుతో దిగి, అప్పటి ధరలో సగం దరిదాపుల్లోనే కనెక్షన్ ఇచ్చింది. స్టేషన్ల దగ్గర నిలబడి మరీ మోడెమ్‌లు చేతిలో పెట్టారు. అదే తీగ, అదే ఇల్లు, బిల్లు మాత్రం వేరు.

అమెరికా కూడా 1996 టెలికాం చట్టంతో ఇదే దారిన బయల్దేరింది. 2005కి వచ్చేసరికి బ్రాడ్‌బ్యాండ్ లైన్లు పంచుకోవాలన్న బాధ్యతను ఫోన్ కంపెనీలకు అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ తీసేసింది. కేబుల్ కంపెనీలకు అది మొదట్నుంచీ లేదు. పంచుకోమంటే కొత్త ఫైబర్ మీద ఎవరు డబ్బు పెడతారన్నది కంపెనీల వాదన. అది పూర్తిగా ఉత్తిమాట అనను. కానీ చాలాచోట్ల వినియోగదారుడికి ఒక కేబుల్ కంపెనీ, ఒక ఫోన్ కంపెనీ మిగిలాయి. ఇద్దరే వ్యాపారులున్న సంతలో ఇంక బేరమేం ఆడతాం?

దీవుల కష్టం వేరు. 2022 జనవరిలో సముద్రంలో అగ్నిపర్వతం పేలి, పసిఫిక్ దీవుల దేశం టోంగాను ఫిజీతో కలిపే ఒక్కగానొక్క సముద్రగర్భ ఇంటర్నెట్ కేబుల్ తెగింది. అతికించడానికి అయిదు వారాలు పట్టింది. అక్కడి జనాభా లక్షే, ఆ లక్ష మంది బిల్లుల్లోంచే అలాంటి కేబుల్ ఖర్చు రావాలి.

ధరల పట్టికలు చూసేటప్పుడు డాలర్లు మాత్రమే చూడకండి. ప్రాథమిక బ్రాడ్‌బ్యాండ్ ఖర్చు నెలసరి తలసరి ఆదాయంలో 2 శాతం లోపు ఉండాలని ఐక్యరాజ్యసమితి బ్రాడ్‌బ్యాండ్ కమిషన్ 2018లో లక్ష్యం పెట్టుకుంది. డాలర్లలో చవగ్గా కనబడే ప్లాను, ఆ దేశపు జీతంతో పోలిస్తే భారమే కావచ్చు.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి. ఈలోగా ఈ రెండు ముక్కలూ వరసల్లోకి పంపిస్తున్నా. ఫైబర్ విరిగిన కొస మటుకు ముట్టుకోకండి, వేలిలో గుచ్చుకుంటే వెతికినా కనబడదు.