గ్యాస్ లైటర్‌తో ఫోన్ ఛార్జ్ అవుతుందా?

(లైటర్ కెమెరాకు బాగా దగ్గరగా. టక్. టక్.)

వాట్సాప్ తెరిస్తే చాలు, ఇదే రకం వీడియో. ఒక కుర్రాడు చెప్పుల కింద నాలుగు పిజో బిళ్లలు (నొక్కితే కరెంటు పుట్టేవి) అతికించుకుని నడుస్తాడు, ఫోన్‌లో ఛార్జింగ్ గుర్తు వెలుగుతుంది. కింద "మన దేశంలో ప్రతిభకు విలువ లేదు" అంటూ ఏడుపు బొమ్మలు. గుర్తు వెలగడం వేరు, బ్యాటరీ నిండడం వేరు బాబూ!

ఎందుకో చెప్పడానికి ఈ లైటర్ ఒక్కటి చాలు. ఇందులో బ్యాటరీ లేదు. లోపల చిన్న పిజో సెరామిక్ ముక్క ఉంది, దాని మీద దెబ్బ పడితే వోల్టేజి పుడుతుంది. క్వార్ట్జ్ లాంటి స్ఫటికాల్లో ఈ గుణాన్ని 1880లో క్యూరీ అన్నదమ్ములు, జాక్, పియర్, బయటపెట్టారు.

ఇప్పుడు మెల్లగా నొక్కుతున్నా, చూడండి. స్ప్రింగ్ బిగుస్తోంది... ఇంకా ఏమీ లేదు... కొక్కెం తప్పింది, టక్! లోపలి బుల్లి సుత్తి వెళ్లి సెరామిక్‌ని కొట్టింది. వేలు తీరిగ్గా చేసిన పనంతా ఒక్క దెబ్బలో దిగింది. మెల్లగా నొక్కినా గబగబా నొక్కినా నిప్పురవ్వ ఒకేలా రావడానికి కారణం అదే. వంటింట్లో దీన్ని మించిన ఇంజనీరింగ్ నాకు కనిపించదు. మిక్సీ అభిమానులు క్షమించాలి.

ఆ రవ్వ గాలిలోంచి దూకాలంటే కొన్ని వేల వోల్టులు కావాలి. అందరూ బోల్తా పడేది ఇక్కడే. "వేల వోల్టులా! ఫోన్‌కి ఐదే కదా కావాల్సింది!" అయ్యా, లెక్క పెట్టాల్సింది వోల్టులు కాదు, జౌళ్లు, అంటే మొత్తం శక్తి ఎంతనేది. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ నిండాలంటే దాదాపు 69,000 జౌళ్లు కావాలి. ఒక్క టక్‌కి 10 మిల్లీజౌళ్లు వస్తాయని ఉదారంగా అనుకుందాం. పిసరంత కూడా వృథా కాకపోయినా 69 లక్షల సార్లు నొక్కాలి. సెకనుకి ఒకటి చొప్పున, నిద్రాహారాలు మాని, 80 రోజులు.

మరి బూట్లు? అమెరికాలో ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు మడమ కింద పిజో పెట్టి చూశారు. 2001లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఒక బూటు నుంచి సగటున 8.4 మిల్లీవాట్లు, అంటే సెకనుకి 8.4 మిల్లీజౌళ్లు. రెండు బూట్లకీ పెట్టుకుని మూడు గంటలపాటు తిరుమల మెట్లెక్కారనుకోండి. కొండపైకి చేరేసరికి మీ బ్యాటరీ ఒక శాతంలో నాలుగో వంతు పెరుగుతుంది. దానికంటే పవర్ బ్యాంకు మోసుకెళ్లడం సుఖం.

రోడ్ల కింద పిజో పరిస్తే ఉచిత కరెంటు అనే పెద్దమనుషులకు కూడా ఒక మాట. లైటర్‌కి శక్తి ఇచ్చింది నా వేలు. రోడ్డుకి ఇచ్చేది మీ బండి, అంటే మీ జేబులోంచి పోసిన పెట్రోలు.

అలాగని ఇదంతా దండగ అనడం లేదు. ఫోన్‌కి చాలనిది రేడియో సందేశానికి బోలెడంత. లైటు వెయ్యమని చిన్న సిగ్నల్ పంపడానికి ఒక మిల్లీజౌల్ కూడా అక్కర్లేదు. జర్మనీ కంపెనీ ఎన్‌ఓషన్ చేసే స్విచ్‌లకు వైరూ లేదు, బ్యాటరీ లేదు. సెరామిక్ బదులు అయస్కాంతం, తీగచుట్ట ఉంటాయి గానీ కిటుకు మన లైటర్‌దే: వేలు మెల్లగా నొక్కుతుంది, స్ప్రింగ్ ఒక్కసారిగా వదులుతుంది. ఆ క్షణంలో పుట్టిన కరెంటుతోనే సిగ్నల్ వెళ్లిపోతుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. సీకో 1988లో తెచ్చిన వాచీలో చెయ్యి ఊగితే లోపలి బరువు తిరిగి కరెంటు పుడుతుంది. క్వార్ట్జ్ వాచీకి మైక్రోవాట్లు చాలు కాబట్టి అది నడిచింది. ఫ్యాక్టరీ మోటార్ల మీద కొన్ని సెన్సార్లకి అదురే ఆధారం: కొసన బరువున్న సన్నటి పిజో పట్టీ మోటారు అదురుతో శ్రుతి కలిస్తే బాగా ఊగుతుంది, మోటారు వేగం మారిందా, కరెంటు ధడాలున పడిపోతుంది. ఇక రాపిడితో కరెంటు పుట్టించే ట్రైబోఎలక్ట్రిక్ జనరేటర్లు, 2012లో జాంగ్ లిన్ వాంగ్ బృందం తెచ్చినవి. వాటిలోనూ వోల్టులు ఘనం, కరెంటు స్వల్పం. ఆ చుక్కల్ని కరెంటు దాచే కెపాసిటర్లో ఎలా పోగేస్తారో వచ్చే వీడియోలో చూద్దాం.