నా ముక్కు ఏది?

(ఉపాధ్యాయుల శిక్షణ శిబిరంలో ఒక చిత్రలేఖన ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం. నన్ను పరిచయం చేస్తూ మంచి మాటలు చెప్పారు, సంతోషం. నాకిచ్చిన అంశం ‘చిత్రలేఖన బోధనలో మెళకువలు’. పెన్సిలు ఎలా పట్టుకోవాలో, నీడలు ఎలా దిద్దాలో చెప్పడానికి మధ్యాహ్నం మరో ఇద్దరు ఉన్నారు. నేను ఒక ముక్కు గురించి మాట్లాడతాను.

ఎనిమిదో తరగతి. పిల్లల్ని జంటలుగా కూర్చోబెట్టి, ఒకరి ముఖం ఒకరు గీయమన్నాను. గంట అయ్యాక ఒక అబ్బాయి గీసిన బొమ్మ చూసి ముచ్చటపడ్డాను. గీత శుభ్రంగా ఉంది, కళ్లలో వెలుగు ఉంది. తరగతి అంతటికీ ఎత్తి చూపించి, పదికి తొమ్మిది వేశాను. ఆ బొమ్మలోని అమ్మాయి లేచి నా దగ్గరికి వచ్చింది. కాగితం వైపు కాసేపు చూసి, “నా ముక్కు ఏది సార్?” అని అడిగింది.

ఆ అమ్మాయి ముక్కు పెద్దది. మధ్యలో ఎముక తేలి, కొన దగ్గర ఎడమకు వాలి ఉంటుంది. కాగితం మీద ఉన్నదల్లా ఒక సన్నటి గీత, రెండు చుక్కలు. ఎందుకలా వేశావని అబ్బాయిని అడిగితే, “బాగుండాలని వేశాను సార్” అన్నాడు. వాడి మాటలో ఎగతాళి లేదు. మేలు చేశాననే అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను కాబట్టే తొమ్మిది మార్కులు వేశాను. ఆ అమ్మాయి అప్పటికి మూడేళ్లుగా నా తరగతిలో ఉంది. కాగితం మీద లేని ముక్కు కోసం తను వెతుక్కున్న ఆ రోజు దాకా, అసలు ముక్కును నేను చూడనే లేదు.

అప్పుడు నేనేమన్నానో తెలుసా? “ఇలాగే బాగుంది కదమ్మా” అన్నాను. ఇరవై ఏళ్లయింది. ఆ మాట ఇంకా నా గొంతులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

మనం చూడకముందే తీర్పు చెప్పేస్తాం. నా బాధంతా ఇదే. పిల్లలకు అందం గురించి నీతులు చెప్పడం తేలిక. ‘అందరూ అందమైనవారే’ అంటాం, వాళ్లు తలూపుతారు, గంట కొట్టగానే అద్దం ముందుకు వెళతారు. నేను ఆ మాట అనడం మానేశాను. నమ్మని మాటను పిల్లలు ఇట్టే పసిగడతారు.

దానికి బదులు ఫోను తీయిస్తాను. ఒకే ముఖాన్ని ఒక అడుగు దూరం నుంచి ఒక ఫొటో, అయిదడుగుల దూరం నుంచి ఇంకొక ఫొటో తీయమంటాను. రెండిట్లో ముఖం ఒకే పరిమాణంలో కనబడేలా సరిచేసి, ముక్కులు పోల్చమంటాను. అడుగు దూరంలో తీసుకున్న సెల్ఫీలో ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనబడుతుందని 2018లో అమెరికా వైద్యులు లెక్కగట్టి ప్రచురించారు. ముక్కు సరిచేయించుకుంటామని సెల్ఫీలు పట్టుకుని వచ్చేవాళ్ల కోసం వేసిన లెక్క అది. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి, “వీటిలో నీ ముక్కు ఏది?” అని అడుగుతాను. ఆ ప్రశ్న నాది కాదు, ఆ అమ్మాయిది.

అద్దం సంగతీ అంతే. 1977లో జరిగిన ఒక ప్రయోగంలో కొందరికి తమ ముఖం మామూలు ఫొటోనూ, అద్దంలోలా కుడిఎడమలు మార్చిన ఫొటోనూ చూపించారు. వాళ్లలో ఎక్కువమంది అద్దంలోలా ఉన్నదాన్ని ఎంచుకున్నారు. వాళ్ల స్నేహితుల్లో ఎక్కువమంది మామూలుదాన్ని ఎంచుకున్నారు. ఎవరికి అలవాటైనది వారికి బాగుంది. పదమూడేళ్ల పిల్లలకు ఇది చెప్పి చూడండి, తరగతి ఎంత నిశ్శబ్దమవుతుందో!

రంగు గురించి చెప్పకుండా దిగలేను. ‘రంగు తక్కువ’ అంటాం. ‘రంగు తక్కువే కానీ కళగల ముఖం’ అని మెచ్చుకుంటాం కూడా. ఆ ‘కానీ’ని వినండి. రంగు ఎలా తక్కువ? చర్మానికి రంగునిచ్చే కణాలు మనుషులందరిలో దాదాపు ఒకే సంఖ్యలో ఉంటాయి. నల్లని చర్మంలో అవి తయారుచేసే వర్ణకం ఎక్కువ. బొమ్మలు వేసేవాడిగా చెబుతున్నాను, మీరు రంగు తక్కువ అనే ఆ ముఖాన్ని దించాలంటే నా పళ్లెంలో నీలం కావాలి, ఊదా కావాలి, ఎరుపు కావాలి. ఇలాంటి మాటలను ఒక్కొక్కటిగా తరగతి గదిలో విప్పి చూపించండి. ‘కాకిపిల్ల కాకికి ముద్దు’ కూడా విప్పండి. ఓదార్చుతూనే పిల్లను కాకి అంటున్నాం!

ఇక మన సంగతి. 1973లో అమెరికాలో ఉపాధ్యాయులకు ఒకే ప్రోగ్రెస్ కార్డును వేర్వేరు పిల్లల ఫొటోలు అతికించి ఇచ్చారు. చూడచక్కని పిల్లల ఫొటో ఉన్నప్పుడు, ఆ బిడ్డ తెలివైనదనీ, తల్లిదండ్రులకు చదువు మీద శ్రద్ధ ఎక్కువనీ అంచనా వేశారు. మార్కులు అవే. ఆ ఉపాధ్యాయులు చెడ్డవారు కారు. మీలాంటివారే, నాలాంటివారే. వార్షికోత్సవంలో పాట పాడే పిల్లల్ని నిలబెట్టేటప్పుడు ముందు వరసలోకి ఎవరిని పిలిచారు? చేతులెత్తమని అడగను. నేను పిలిచినవాళ్ల ముఖాలు నాకు గుర్తున్నాయి. వెనక్కి పంపినవాళ్లవి గుర్తులేవు.

ఫ్రాన్సిస్ గాల్టన్ అని ఒక ఇంగ్లండు శాస్త్రవేత్త ఉండేవాడు. 1870లలో, నేరస్థుల ముఖం ఎలా ఉంటుందో పట్టుకుందామని, ఖైదీల ఫొటోలను ఒకే ఫలకం మీద ఒకదానిమీద ఒకటి పడేలా తీశాడు. క్రూరమైన ముఖం వస్తుందనుకున్నాడు. విడివిడి ముఖాలకంటే చక్కని ముఖం వచ్చింది. మచ్చలు, వంకరలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఆ చక్కని ముఖం మాత్రం అక్కడున్న ఎవరిదీ కాదు. మా తరగతి అబ్బాయి గీసిన బొమ్మ లాంటిదే అది.

ఆ అబ్బాయి చేత మరుసటి వారం మళ్లీ గీయించాను. ముఖమంతా వద్దు, ముక్కు ఒక్కటే. అమ్మాయిని అడిగాను, కూర్చుంటానంది. వాడు ఆరుసార్లు చెరిపాడు. కాగితం నలిగి పలచబడింది. “దీంట్లో చాలా ఉంది సార్” అన్నాడు, చెమట తుడుచుకుంటూ. నేను దిద్దడానికి చెయ్యి చాచేలోపే అమ్మాయి వంగి, కొన మీద వేలు పెట్టి, “ఇక్కడ ఇంకొంచెం ఎడమకు” అని చెప్పింది.

నా సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. అయిదు నిమిషాలు ఇవ్వండి. మీ కుర్చీల మీద తలా ఒక కాగితం, పెన్సిలు పెట్టించాను. తీసుకోండి. పక్కవారి వైపు తిరగండి. ఎవరూ ఎవరినీ బాగుండేలా వేయకండి. ముక్కుతో మొదలుపెట్టండి.