తెల్లగుడ్డు, ఎర్రగుడ్డు

సభకు నమస్కారం. ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వచ్చిన పెద్దలకూ, ముందు వరసలో కూర్చున్న బడి పిల్లలకూ మరీ మరీ నమస్కారం.

మన రైతుబజార్ల దగ్గర గుడ్లు కొనేవాళ్ల నోట తరచూ వినే మాటే ఇది: "ఎర్రగుడ్డు బలం, తెల్లగుడ్డులో ఏముంటుంది?" ఆ మాట నమ్మి, నెలాఖరుకి చేతిలో డబ్బులాడని తల్లి కూడా ఎర్రగుడ్డు కోసం ఎక్కువ పెడుతుంది. బడి భోజనంలో వచ్చే తెల్లగుడ్డుని చిన్నచూపు చూసేవాళ్లూ ఉన్నారు. నాకు బాధ అక్కడే. మామూలు సైజు గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పెంకు తెలుపైనా ఎరుపైనా అంతే.

మరి రంగు ఎక్కడిది? గుడ్డు కోడి కడుపులో తయారై బయటికి రావడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. అందులో 20 గంటల దాకా పెంకు కట్టడానికే పోతాయి. ఆ పెంకులో నూటికి 95 పాళ్లు కాల్షియం కార్బొనేటే, అంటే సున్నపురాయిలో ఉండే పదార్థమే. రంగేదీ చేరకపోతే ఏ కోడి గుడ్డయినా తెల్లగానే పుడుతుంది. ఎర్రగుడ్లు పెట్టే కోళ్లలో చివరి కొద్ది గంటల్లో ప్రోటోపార్ఫిరిన్ అనే రంగు పదార్థం ఎక్కువగా పైపొరల్లో చేరుతుంది, సున్నం వేసిన గోడ మీద జాజు పూసినట్టు. ఇంటికెళ్లి ఎర్రగుడ్డు పెంకు లోపలివైపు చూడండి, తెల్లగా కనిపిస్తుంది. చీకటి గదిలో, దొంగనోట్లు పట్టుకునే ఆ ఊదారంగు టార్చి దాని మీద వేస్తే పెంకు ఎర్రగా మెరుస్తుంది. పిల్లలూ, ఇది తప్పకుండా చేసి చూడాలి.

ఈ రంగు వేయడమా మానడమా అన్నది కోడి జాతిని బట్టి ఉంటుంది. ఇటలీ నుంచి వచ్చిన లెగ్‌హార్న్ వంశపు కోళ్లు తెల్లగుడ్లు పెడతాయి. మన ఫారాల్లో ఎక్కువగా ఉన్నవి ఆ రక్తపు కోళ్లే. అమెరికా రోడ్ ఐలాండ్ రెడ్ ఎర్రగుడ్లు పెడుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి తయారుచేసిన గ్రామప్రియ కూడా అంతే. కాబట్టి ఎర్రగా ఉన్నంత మాత్రాన అది నాటుగుడ్డు కాదు. ఫారంలో పంజరంలో పెరిగిన కోడి కూడా ఎర్రగుడ్డు పెట్టగలదు. చెవి తమ్మె తెల్లగా ఉంటే తెల్లగుడ్డు, ఎర్రగా ఉంటే ఎర్రగుడ్డు అంటారు. చాలా జాతుల్లో నిజమే కానీ, అన్నిటికీ కాదు.

నీలం గుడ్లు పెట్టే కోళ్లున్నాయి, అవి నాకు మరీ ఇష్టం. చిలీలో మపూచే ప్రజల కోళ్ల నుంచి వచ్చిన అరౌకానా, చైనాలో డాంగ్‌షియాంగ్. వీటి పెంకులో చేరేది బిలివెర్డిన్. దెబ్బ తగిలి కమిలిన చర్మం ఆకుపచ్చకి తిరుగుతుందే, ఆ రంగు దీనిదే. ఇది పెంకు మందమంతా పాకుతుంది, అందుకే లోపల చూసినా నీలమే. 2013లో శాస్త్రవేత్తలు దీని మూలం పట్టుకున్నారు. ఎప్పుడో పాతకాలంలో ఒక వైరస్ కోడి జన్యువుల మధ్య దూరి ఉండిపోయింది. దాని వల్ల, మామూలుగా కాలేయంలో పనిచేసే ఒక జన్యువు పెంకు కట్టే చోట కూడా పని మొదలుపెట్టింది. చిలీలో, చైనాలో ఇది విడివిడిగా జరిగింది! నీలం పెంకు మీద ఎరుపు పూత పడితే ఆలివ్ పచ్చ గుడ్డు వస్తుంది.

ఇక ఒక హెచ్చరిక. ఎర్రగుడ్డుని వెనిగర్‌తో రుద్ది, రంగు వదిలితే తెల్లగుడ్డుకి రంగేసిన నకిలీ అనకండి. రంగున్నదే పైపొరల్లో, పెంకు కరిగితే అదీ పోతుంది. అసలైన గుడ్డుకీ అలాగే జరుగుతుంది. పాపం, అమ్మేవాళ్ల మీద నింద పడుతుంది.

పచ్చసొన రంగు సంగతి వేరు. అది కోడి తినే మేతది. మొక్కజొన్న, ఆకుకూర, బంతిపూలు ఎక్కువ తింటే సొన చిక్కటి పసుపెక్కుతుంది.

పెరట్లో కోళ్లు పెంచే అక్కలకి ఒక్క మాట. కోడి ముదిరేకొద్దీ గుడ్డు పెద్దదై రంగు పలచబడటం మామూలే. కానీ మందలో గుడ్లన్నీ ఒక్కసారిగా పాలిపోయి, పెంకులు పలచబడి, గరుకుగా ఉంటే అది బ్రాంకైటిస్ అనే, కోళ్లకు సోకే అంటురోగం లాంటి జబ్బు కావచ్చు. ఆలస్యం చేయకుండా పశువుల డాక్టరుకి చూపించండి, వెళ్లేటప్పుడు ఆ గుడ్లు కూడా రెండు పట్టుకెళ్లండి.